బైపీసీ తర్వాత ఎంబీబీఎస్ సీటు రాకపోతే: వైద్యరంగంలో ఏ చదువు ఎక్కడికి దారి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది, నీట్‌లో 340 మార్కుల దగ్గర ఆగింది. కన్వీనర్ కోటాలో ఎంబీబీఎస్ అందేలా లేదు, మేనేజ్‌మెంట్ సీటుకు స్థోమత లేదు. మళ్లీ నీట్ రాసేందుకు ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపాలా? లేక నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్, ఫిజియోథెరపీ లాంటివాటిలో చేర్చాలా? దేనికి ఎన్నేళ్లు పడుతుంది, దేంతో బతుకుతెరువు దొరుకుతుంది?

ముందు లాంగ్ టర్మ్ సంగతి తేల్చుకోండి. అది తేలకపోతే మిగతా అడ్మిషన్ల తేదీలన్నీ చూస్తుండగానే దాటిపోతాయి. ఆంధ్రలో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో కాళోజీ హెల్త్ యూనివర్సిటీ ఏటా సీట్ల కేటాయింపు జాబితాలు బయటపెడతాయి. నిరుటి ఆఖరి రౌండ్ జాబితాలో మీ కేటగిరీకి, మీ లోకల్ ఏరియాకు చివరి సీటు ఏ ర్యాంకుకు వెళ్లిందో చూడండి. మార్కులతో కాదు, ర్యాంకుతో పోల్చండి. 2024లో 720కి 720 తెచ్చుకున్నవాళ్లు పలువురున్నారు. 2025లో పేపర్ కఠినంగా వచ్చి మొదటి ర్యాంకుకే 686 మార్కులు. ఒక ఏడాది మార్కులు ఇంకో ఏడాదికి కొలత కావు.

తర్వాత, మార్కులు ఎక్కడ పోయాయో చూడండి. నీట్‌లో సగం, అంటే 360 మార్కులు బయాలజీవే. బయాలజీలో 270 దాటి, ఫిజిక్స్‌లో దెబ్బతిన్న పిల్లకు ఒక ఏడాది కూర్చుంటే లాభం ఉండొచ్చు. మూడింటిలోనూ సమానంగా తక్కువొస్తే, అవసరమైన ర్యాంకు చాలా దూరంలో ఉంటే, ఏడాదిలో ఆ దూరం పూడ్చడం అరుదు. వెళ్తే ఒక్క ఏడాదే అని ఇంట్లో ముందే అనుకోండి. రెండో లాంగ్ టర్మ్, మూడో లాంగ్ టర్మ్ అంటూ ఇరవై, ఇరవై ఒకటి దాటాక నర్సింగ్‌లో చేరిన పిల్లలు చదవలేరని కాదు. ఓడిపోయి వచ్చామన్న భావంతో చేరతారు, మొదటి ఏడాదంతా దానికే పోతుంది.

నీట్ ద్వారానే దొరికే మిగతావి త్వరగా చెబుతాను. బీడీఎస్ (దంతవైద్యం) ఇంటర్న్‌షిప్‌తో కలిపి 5 ఏళ్లు, బీఏఎంఎస్ (ఆయుర్వేదం), బీహెచ్ఎంఎస్ (హోమియో) ఐదున్నరేళ్లు. ఆయుర్వేదం మీద నిజంగా ఇష్టం ఉంటే బీఏఎంఎస్ మంచి చదువే. పేరు ముందు డాక్టర్ అని ఉంటుందన్న ఒక్క కారణానికి మాత్రం ఐదున్నరేళ్లు పెట్టొద్దు. నీట్ స్కోరు ఇంకోచోట పనికొస్తుందని చాలామందికి తెలియదు: మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌కు చెందిన బీఎస్సీ నర్సింగ్ కాలేజీల్లో అమ్మాయిలను నీట్ స్కోరుతోనే వడకడతారు. అక్కడ ఎంపికైతే సైన్యంలోనే ఉద్యోగం. అయితే సర్వీసు బాండ్ రాయాలి, వైద్యపరీక్షలు దాటాలి.

ఇక అసలు విషయానికొద్దాం. కోర్సుల పేర్లు చూసి ఎంచుకోవద్దు. చివర చేతికొచ్చే రిజిస్ట్రేషన్ ఏమిటో చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. ఆసుపత్రిలో రోగిని తాకే పని ఏదైనా చేయాలంటే ఏదో ఒక కౌన్సిల్‌లో మీ పేరుండాలి. నర్సులకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్, పైన భారతీయ నర్సింగ్ కౌన్సిల్. ఫార్మసిస్టులకు 1948 నాటి ఫార్మసీ చట్టం కింద రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్. వినికిడి, మాట, కృత్రిమ అవయవాల నిపుణులకు 1992 చట్టంతో ఏర్పడ్డ రిహాబిలిటేషన్ కౌన్సిల్. ల్యాబ్, ఎక్స్‌రే, డయాలసిస్, అనస్థీషియా టెక్నీషియన్లకు ఇన్నాళ్లూ రాష్ట్ర పారామెడికల్ బోర్డులే దిక్కు. 2021లో పార్లమెంటు అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం చేశాక వీళ్లకూ, ఫిజియోథెరపిస్టులకూ, ఆప్టోమెట్రిస్టులకూ జాతీయ కమిషన్ వచ్చింది.

ఆ చట్టంలో ఒక మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే చదువు కనీసం 2,000 గంటలు ఉండాలి, అది రెండు నుంచి నాలుగేళ్లలో జరగాలి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనాలంటే కనీసం 3,600 గంటలు, మూడు నుంచి ఆరేళ్లు. అంటే ఆర్నెల్ల ల్యాబ్ కోర్సు, ఏడాది ఎక్స్‌రే డిప్లొమా, ఆదివారం క్లాసుల ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్ కోర్సు ఎవరు చెప్పినా, ఎంత తక్కువకు ఇస్తామన్నా, ఆ సర్టిఫికెట్ ఈ లెక్కలోకి రాదు. వేరే రాష్ట్రపు యూనివర్సిటీ పేరుతో మన జిల్లా కేంద్రంలో స్టడీ సెంటర్ తెరిచి, పరీక్షలకు మాత్రం అక్కడికి తీసుకెళ్లే వాళ్లుంటారు. ఆ డిప్లొమా తెచ్చి మన పారామెడికల్ బోర్డుకు పెడితే తిప్పి పంపుతారు. అప్పటికి డబ్బూ రెండేళ్లూ పోతాయి. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఈ చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులు, క్లినికల్ న్యూట్రిషన్, సైకాలజీ సహా, నడపొద్దని 2025లో యూజీసీ యూనివర్సిటీలకు స్పష్టంగా చెప్పింది.

నర్సింగ్

ఎక్కువ అవకాశాలున్నదీ, ఎక్కువ అపోహలున్నదీ ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మూడు మెట్లున్నాయి. ఏఎన్ఎం రెండేళ్లు, సబ్‌సెంటర్లు, టీకాలు, గర్భిణుల సంరక్షణ దీని పని. జీఎన్ఎం డిప్లొమా మూడేళ్లు, ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఇంగ్లీష్‌తో 40 శాతం ఉంటే చాలు, సీఈసీ, హెచ్ఈసీ పిల్లలూ చేరొచ్చు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీష్ కలిపి 45 శాతం ఉండాలి, ఆ ఏడాది డిసెంబర్ 31కి 17 ఏళ్లు నిండాలి. బైపీసీ చదివిన పిల్ల జీఎన్ఎంలో చేరడం నేను సలహా ఇవ్వను. ఒక్క ఏడాది తేడాకు డిగ్రీ చేజారిపోతుంది. ఆ తర్వాత డిగ్రీ కావాలంటే పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఇంకో రెండేళ్లు, అంటే నాలుగేళ్లలో అయ్యేది ఐదేళ్లవుతుంది. ఉద్యోగంలోనూ తేడా తెలుస్తుంది: ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్ కోసం పెట్టే నార్‌సెట్ పరీక్షను బీఎస్సీ వాళ్లు పాసైన వెంటనే రాయొచ్చు, జీఎన్ఎం వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. ఆ ఉద్యోగం పే లెవెల్ 7, మూలవేతనం 44,900. ఆంధ్రలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ పోస్టులకు అడిగిందీ బీఎస్సీ నర్సింగే.

కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనం చూడకండి, బస్సు చూడకండి. సొంత ఆసుపత్రి చూడండి. బీఎస్సీ నర్సింగ్ కాలేజీకి కనీసం 100 పడకల మాతృ ఆసుపత్రి ఉండాలని కౌన్సిల్ నిబంధన. కాగితాల మీద అన్నిటికీ ఉంటుంది. మామూలు రోజున మధ్యాహ్నం వెళ్లి ఓపీ దగ్గర పది నిమిషాలు నిలబడండి, వార్డుల్లో ఎన్ని మంచాల మీద రోగులున్నారో చూడండి. ఖాళీ మంచాల మధ్య నేర్చుకున్న పిల్లకు ఐవీ కాన్యులా పెట్టే చెయ్యి రాదు, ప్రసవాలు చూసిన లెక్క రికార్డు పుస్తకంలోనే ఉంటుంది. మూడో ఏడాది, నాలుగో ఏడాది చదివే అమ్మాయిలను కాలేజీ గేటు బయట అడగండి: ఏ ఆసుపత్రికి పోస్టింగ్ పంపుతున్నారు, ప్రసూతి పోస్టింగ్ ఎక్కడ, మానసిక వైద్యం పోస్టింగ్ ఎక్కడ, బస్సు రోజూ వెళ్తోందా? ప్రిన్సిపాల్ చెప్పేదానికన్నా ఈ నాలుగు జవాబులకు విలువెక్కువ.

చదువులో జారేది ఎక్కడో కూడా తెలుసుకోండి. బైపీసీ కదా, లెక్కలుండవు అనుకుని వస్తారు. నర్సుకు రోజూ లెక్కలే. 500 మిల్లీలీటర్ల సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలి, సెట్టు మిల్లీలీటర్‌కు 20 చుక్కలది అనుకోండి. 500ను 20తో గుణించి 480 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి దాదాపు 21 చుక్కలు. వార్డులో ఇది కాగితం లేకుండా తెమలాలి. పసిపిల్లల డోసుల్లో ఒక దశాంశ బిందువు పక్కకు జరిగితే మందు పది రెట్లవుతుంది. రెండోది ఇంగ్లీష్. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు మొదటి సెమిస్టర్‌లో అనాటమీ, ఫిజియాలజీ పాఠాలు అర్థం కాక బట్టీ పడతారు, అక్కడే వెనకబడతారు. చేరేముందు దొరికే రెండు మూడు నెలల్లో శరీర భాగాల పేర్లు, వైద్య పదాల ముందూ వెనకా వచ్చే ముక్కలు నేర్చుకుంటే సగం భారం తగ్గుతుంది. మూడోది హాజరు: థియరీకి, ప్రాక్టికల్‌కు 80 శాతం ఉంటే పరీక్ష రాయనిస్తారు. కానీ డిగ్రీ చేతికివ్వాలంటే క్లినికల్ గంటలు నూటికి నూరు శాతం పూర్తి కావాలి. ఊళ్లో పెళ్లి అని వారం మానేస్తే ఆ డ్యూటీలు తర్వాత చేసి తీరాలి.

క్లినికల్ పోస్టింగ్ మొదలయ్యేలోపు హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించండి: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. ఇది నర్సింగ్‌కే కాదు, ల్యాబ్, డయాలసిస్, ఓటీ కోర్సులన్నిటికీ. కాలేజీ వేయిస్తుందిలే అని ఆగొద్దు.

ఒకే చోట ఆగిపోయే వృత్తి కూడా కాదిది. ఎంఎస్సీ చేస్తే బోధనకు వెళ్లొచ్చు. క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ పీజీ రెండేళ్లు. ప్రసూతి పని ఇష్టమైతే మిడ్‌వైఫరీ ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2017లో హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ సంస్థతో కలిసి ప్రభుత్వ నర్సులకు 18 నెలల శిక్షణ మొదలుపెట్టింది. సాధారణ కాన్పును నమ్మకంగా చేయించగల చేతులు మన ఆసుపత్రులకు ఎంతో అవసరం.

ల్యాబ్, ఇమేజింగ్, డయాలసిస్, ఓటీ

ఇక్కడ రెండు దారులు. ఒకటి పారామెడికల్ బోర్డు కింద రెండేళ్ల డిప్లొమాలు: డీఎంఎల్‌టీ (ల్యాబ్), మెడికల్ ఇమేజింగ్, అనస్థీషియా, డయాలసిస్, క్యాథ్ ల్యాబ్ వగైరా. రెండోది హెల్త్ యూనివర్సిటీ కింద బీఎస్సీ అలైడ్ కోర్సులు, మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంటర్ ఒకేషనల్ ఎంఎల్‌టీ చదివిన వాళ్లకు ఇంకో చిక్కుంది: ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు అర్హత రావాలంటే ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది క్లినికల్ శిక్షణ చేసిన సర్టిఫికెట్ కూడా పెట్టాలి. అది లేకపోతే ఇంటర్ పాసైనా దరఖాస్తు నిలవదు.

బైపీసీ పిల్లలకు నా ఓటు బీఎస్సీకే. ఇంట్లో రెండేళ్లలో జీతం రావాల్సిన పరిస్థితి ఉంటే డిప్లొమా తప్పు కాదు. కాకపోతే పైకి ఎదగడం కష్టం, విదేశాల్లో చాలాచోట్ల డిప్లొమాను లెక్కలోకి తీసుకోరు.

ల్యాబ్ పని అంటే మెషిన్‌లో ట్యూబు పెట్టి బటన్ నొక్కడం అని ఒక మాట వినిపిస్తుంది. రిపోర్టు తప్పడం చాలాసార్లు మెషిన్‌కు ముందే జరుగుతుంది. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపే పొటాషియం ఈడీటీఏ ఉంటుంది. దాంట్లో తీసిన రక్తం కొంచెం సీరం ట్యూబులో కలిసినా పొటాషియం లేనిపోని ఎత్తుకు, కాల్షియం పాతాళానికి వెళ్తాయి. అందుకే ముందు కల్చర్ సీసా, తర్వాత నీలం, ఆ తర్వాత ఎరుపు లేక పసుపు, ఆకుపచ్చ, ఊదా, చివర బూడిదరంగు అని వరుస పెట్టారు. నీలం ట్యూబులో సిట్రేట్ ఒక వంతుకు రక్తం తొమ్మిది వంతులు ఉండాలి. గీత దాకా నింపకపోతే గడ్డకట్టే పరీక్షల ఫలితం తప్పుతుంది. ఇలాంటి పట్టింపు, పరిశుభ్రత, ఓపిక ఉన్న పిల్లలకు ల్యాబ్ బాగా నప్పుతుంది. మనుషులతో మాట్లాడటం ఇష్టపడని వాళ్లకు కూడా. రంగులు సరిగా పోల్చుకోలేని సమస్య ఉందేమో చేరేముందే కంటి డాక్టర్‌తో చూపించుకోండి. స్లైడు రంగులు చదవడానికీ, రైల్వే లాంటి ఉద్యోగాల వైద్యపరీక్షకూ అది అడ్డొస్తుంది.

రేడియాలజీకి ఆకర్షణ ఎక్కువ. మంచి డిమాండే. రేడియేషన్ భయంతో ఆడపిల్లలను వద్దనే తల్లిదండ్రులున్నారు. అణుశక్తి నియంత్రణ బోర్డు పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. ఛాతీకి పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి ఈ లెక్క చెబుతుంది. సీసం తెర వెనక నిలబడి, బ్యాడ్జి పెట్టుకుని పనిచేసేవారికి తగిలే మోతాదు ఆ పరిమితి దగ్గరికి కూడా రాదు. బ్యాడ్జి ఇవ్వని సెంటర్‌లో మాత్రం ఒక్క రోజు కూడా చేయొద్దు. ఎంఆర్‌ఐలో ఎక్స్‌రే ఉండదు, కానీ ఆ అయస్కాంతం రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. ఇనుప ఆక్సిజన్ సిలిండర్ లోపలికి తీసుకెళ్తే ప్రాణాలు పోతాయి.

డయాలసిస్ టెక్నీషియన్ల అవసరం మనకు ప్రత్యేకంగా ఉంది. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి కుటుంబాలను కుదిపేస్తోంది; పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. ఒక్కో రోగికి మామూలుగా వారానికి మూడు విడతలు, విడతకు నాలుగు గంటలు. నిమిషానికి 500 మిల్లీలీటర్ల డయాలసేట్ (రక్తాన్ని శుద్ధి చేసే ద్రవం) నడిస్తే ఒక విడతకే 120 లీటర్ల శుద్ధజలం కావాలి. ఆర్‌ఓ ప్లాంటులో ఏదైనా చెడితే ఆ ప్రభావం రోగి రక్తం మీద పడుతుంది, కాబట్టి ఈ టెక్నీషియన్ సగం నీటి ఇంజనీరు కూడా. అదే మనుషులు ఏళ్ల తరబడి వస్తుంటారు, ఒకరోజు రారు. అది తట్టుకునే మనసుండాలి.

ప్రభుత్వ ఉద్యోగాల విలువ తెలియడానికి రైల్వే పారామెడికల్ నోటిఫికేషన్ ఒకటి చూడండి. 2024లో వచ్చిన దాంట్లో డయాలసిస్ టెక్నీషియన్‌కు, ల్యాబ్ సూపరింటెండెంట్‌కు మూలవేతనం 35,400. ఫార్మసిస్టుకు, రేడియోగ్రాఫర్‌కు 29,200. ల్యాబ్ అసిస్టెంట్‌కు 21,700. ల్యాబ్ సూపరింటెండెంట్‌కు డిగ్రీ స్థాయి చదువు కావాలి, ల్యాబ్ అసిస్టెంట్‌కు డిప్లొమా చాలు. డిగ్రీకీ డిప్లొమాకూ తేడా ఆ రెండు అంకెల మధ్య కనిపిస్తుంది. తెలంగాణలో మెడికల్ బోర్డు ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, నర్సింగ్ ఆఫీసర్ పోస్టులను 80 మార్కుల రాతపరీక్షతో నింపుతోంది. మిగతా 20 మార్కులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు. అందుకే పాసైన ఏడాది తక్కువ జీతమైనా ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు దొరికితే వదులుకోవద్దు.

ఫార్మసీ

బీఫార్మసీ నాలుగేళ్లు, ఫార్మ్‌డీ ఆరేళ్లు. రెండింటికీ ఈఏపీసెట్ ర్యాంకే ఆధారం. ఎంపీసీ పిల్లలు కూడా అర్హులే. డీఫార్మసీ రెండేళ్లు, ఆపైన కనీసం మూడు నెలల్లో 500 గంటల శిక్షణ. దానికి ఎగ్జిట్ పరీక్ష నిబంధన 2022లో వచ్చింది.

మందుల షాపు పెట్టుకునేందుకు డీఫార్మసీ చాలు. 10 చదరపు మీటర్ల స్థలం, ఫ్రిజ్, రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉంటే రిటైల్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫార్మసిస్టు ఎదురుగా ఉండి మందు ఇవ్వాలన్నది చట్టం. సర్టిఫికెట్ అద్దెకిచ్చి ఇంట్లో కూర్చోవచ్చు అని ఎవరైనా చెబితే వినొద్దు. తనిఖీలో దొరికితే షాపు లైసెన్సు ఒక్కటే పోదు, ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ కూడా పోతుంది, ఆ షాపులో తప్పు మందుతో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే కేసులో మీ పేరే ఉంటుంది.

బీఫార్మసీ అసలు బలం పరిశ్రమలో ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో తయారీ, నాణ్యత పరీక్ష, నాణ్యత హామీ, రెగ్యులేటరీ విభాగాలు వీళ్లనే తీసుకుంటాయి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టుకు ఈ డిగ్రీ అర్హత. ఫార్మసీ పీజీ పరీక్ష జీప్యాట్ రాసి బాలానగర్‌లోని జాతీయ ఫార్మా విద్యాసంస్థ నైపర్‌లో పీజీ చేస్తే దారి ఇంకా వెడల్పవుతుంది. మామూలు కాలేజీలో మామూలుగా పాసై బయటికొచ్చిన బీఫార్మసీకి మాత్రం మొదటి జీతం నిరాశ కలిగిస్తుంది. మూడో ఏడాది నుంచే హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీద చెయ్యి తిరగాలి, పరిశ్రమలో శిక్షణ వెతుక్కోవాలి.

ఫార్మ్‌డీ గురించి సూటిగా చెబుతాను. ఆరేళ్లు పెట్టాక మన ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు పోస్టులు చాలా తక్కువ. చాలామంది ఫార్మకోవిజిలెన్స్‌కు (మందుల దుష్ప్రభావాల మీద నిఘా), క్లినికల్ రిసెర్చ్‌కు వెళ్తున్నారు, అక్కడికి బీఫార్మసీతో కూడా వెళ్లొచ్చు. ఒక్క చోట ఫార్మ్‌డీకి స్పష్టమైన మేలుంది: అమెరికాలో విదేశీ ఫార్మసీ పట్టభద్రులు రాసే ఎఫ్‌పీజీఈఈ పరీక్షకు 2003 తర్వాత చదివినవారికి కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు ఉండాలి. నాలుగేళ్ల బీఫార్మసీ అక్కడ ఆగిపోతుంది. అమెరికా వెళ్లే ఆలోచన గట్టిగా లేకపోతే, ఆసుపత్రి ఫార్మసీ మీద ప్రేమ లేకపోతే, ఫార్మ్‌డీకి రెండేళ్లు అదనంగా ఖర్చు చేయొద్దు.

ఎవరూ చెప్పని మంచి చదువులు

అందరి చూపూ పై మూడింటి మీదే ఉంటుంది కానీ, మాట, వినికిడి చికిత్స చదువు బీఏఎస్‌ఎల్‌పీ గురించి తప్పక ఆలోచించండి. నాలుగేళ్లు, ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్. మైసూరులోని అఖిల భారత వాక్, శ్రవణ సంస్థ (ఐష్) దేశంలో పేరున్నది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. పుట్టుచెవుడు పిల్లలకు, పక్షవాతంతో మాట పోయినవారికి తెలుగులో చికిత్స చేయగలవాళ్లు జిల్లాల్లో దాదాపు దొరకరు. మాట నేర్పే పని ఇంటి భాషలోనే జరగాలి కాబట్టి తెలుగు తెలిసిన అమ్మాయికి ఇక్కడ పోటీ తక్కువ, అవసరం ఎక్కువ.

ఆప్టోమెట్రీ కూడా నాలుగేళ్లదే. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ దీనికి గట్టి బడి. కళ్లజోళ్ల షాపు ఒక్కటే గమ్యం కాదు, పసిపిల్లల చూపు, లో విజన్, కాంటాక్ట్ లెన్సుల్లో ప్రత్యేకత సంపాదించొచ్చు.

ఫిజియోథెరపీ నాలుగున్నరేళ్లు, కొత్త కమిషన్ పాఠ్యప్రణాళికలో ఏడాది ఇంటర్న్‌షిప్‌తో ఐదేళ్లకు పెంచారు, కాబట్టి చేరబోయే కాలేజీ ఏది అమలు చేస్తోందో అడగండి. సొంత ప్రాక్టీసు పెట్టుకోగల కొద్ది చదువుల్లో ఇదొకటి. మొదటి మూడు నాలుగేళ్లు ఆసుపత్రి జీతం తక్కువే. శరీరశ్రమ ఎక్కువ, నడుం పట్టేసిన మనిషిని పైకి లేపే పని. ఆర్థో, న్యూరో, క్రీడా గాయాలు, వీటిలో ఒకదాన్లో ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ) చేశాకే నిలదొక్కుకుంటారు.

రోగిని తాకే పని వద్దనుకుంటే: పోషకాహారానికి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఎంఎస్సీ ఉంది. ప్రజారోగ్యంలో పీజీ ఎంపీహెచ్‌కు హైదరాబాద్‌లోనే ఐఐపీహెచ్ (భారతీయ ప్రజారోగ్య సంస్థ), హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. వీటికి ముందు ఏదో ఒక డిగ్రీ కావాలి. మెడికల్ కోడింగ్‌కు (రోగుల రికార్డులను బిల్లుల కోసం కోడ్‌లుగా మార్చే పని) హైదరాబాద్‌లో కంపెనీలు బోలెడు. అది డిగ్రీ తర్వాత నేర్చుకునే నైపుణ్యం, డిగ్రీకి బదులు కాదు. కోడింగ్ సర్టిఫికెట్‌కు రాసే సీపీసీ పరీక్ష 100 ప్రశ్నలు, 70 శాతం రావాలి; అనుభవం లేనివారికి మొదట అప్రెంటిస్ గుర్తుతోనే సర్టిఫికెట్ ఇస్తారు. పరీక్ష లేకుండా ఉద్యోగం గ్యారెంటీ అనే అమీర్‌పేట బోర్డులకు లక్షలు కట్టొద్దు.

అడ్మిషన్, ఫీజు, విదేశం

ఒకే దరఖాస్తుతో అన్నీ రావు. ఫార్మసీ ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో. బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ, అలైడ్ కోర్సులు హెల్త్ యూనివర్సిటీ వేర్వేరు నోటిఫికేషన్లలో. డిప్లొమాలు పారామెడికల్ బోర్డులో. నిమ్స్, ఎయిమ్స్, ఐష్ సొంతంగా. బీఎస్సీ నర్సింగ్ ఎంపిక పద్ధతి రెండు రాష్ట్రాల్లోనూ ఈ మధ్య మారుతూ వచ్చింది, కాబట్టి నిరుడు చేరినవాళ్ల మాట మీద ఆధారపడక ఈ ఏటి ప్రాస్పెక్టస్ మొదటి నుంచి చివరిదాకా చదవండి. ఈఏపీసెట్ రాయకుండా వదిలేస్తే సగం తలుపులు మూసుకున్నట్టే. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి, లోకల్ నిరూపణకు అవే ఆధారం. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదే ఉండాలి. పాతది పెట్టి సీటు పోగొట్టుకునేవాళ్లు ఏటా ఉంటారు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకే. చివర్లో కాలేజీ వాళ్లు కన్వీనర్ ఫీజుకే ఇస్తాం రమ్మని పిలిచి మేనేజ్‌మెంట్ సీటులో చేర్చుకుంటే రీయింబర్స్‌మెంట్ రాదు. అలాట్‌మెంట్ ఆర్డర్‌పై కోటా ఏమని ఉందో చదివాకే సంతకం పెట్టండి. హాజరు 75 శాతం తగ్గినా ఆగిపోతుంది. కాలేజీ మధ్యలో మానేస్తే మిగతా ఏళ్ల ఫీజు అడిగి ఒరిజినల్స్ ఆపేస్తామనే చోట్లున్నాయి. చేరేటప్పుడు ఇచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర వేసిన రసీదు తీసుకోండి.

విదేశాల మాట నర్సింగ్‌లోనే ఎక్కువ. అమెరికాకు ఎన్‌క్లెక్స్ పరీక్ష, బ్రిటన్‌కు కంప్యూటర్ పరీక్ష, ఆపైన ప్రాక్టికల్ పరీక్ష ఓస్కీ. బ్రిటన్‌కు ఇంగ్లీష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో 7, రాతలో మాత్రం 6.5 చాలు. జర్మనీకి భాష బీ2 స్థాయి. మొదటి పాఠం నుంచి ఆ స్థాయికి చేరడానికి ఏడాది పట్టొచ్చు, ఆ కాలంలో జీతం ఉండదు. గల్ఫ్‌కు సాధారణంగా రెండేళ్ల అనుభవం, సర్టిఫికెట్లను ఇచ్చినచోటే విచారించే డేటాఫ్లో పరిశీలన. చేయని ఆసుపత్రి పేరుతో అనుభవ పత్రం తెచ్చుకుంటే అక్కడే దొరికిపోతారు, ఆ తర్వాత ఆ దేశం మూసుకుపోతుంది. ఏజెంటుకు డబ్బు కట్టేముందు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థలను అడగండి. ప్రైవేటు ఏజెంటైతే ఈమైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సు చూడండి.

విదేశం ఆలోచన ఇప్పుడు లేకపోయినా ఒక పని ఈ వేసవిలోనే చేయండి. మన మెమోల్లో ఇంటిపేరు చాలాసార్లు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా, ఇంటర్ మెమోలో ఇంకోలా. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాలేజీ రికార్డు ప్రకారం వస్తుంది, కాలేజీ రికార్డు పదో తరగతి మెమో ప్రకారం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (పేరు తెలియదు) అని పడుతుంది, ఆ తర్వాత ప్రతి సంస్థకూ అఫిడవిట్లే. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్ మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే డిగ్రీలో చేరకముందే బోర్డులో దిద్దించండి. చేరాక అయితే యూనివర్సిటీ రికార్డు, కౌన్సిల్ రికార్డు కూడా మార్చాలి, ఒక్కోదానికి ఒక్కో ఆఫీసు తిరగాలి.